గాయం మానాలంటే కబురు అందాలి



ఈ నెల గోడపత్రికలో సైన్సు వ్యాసం నా వంతు వచ్చింది. నేను తీసుకున్న విషయం పేరు కొంచెం పెద్దది. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. పొట్టిగా ఇ.జి.ఎఫ్. అంటారు. పేరు చూసి భయపడి ఎవరూ పక్కనున్న పొడుపు కథల దగ్గరికి పోవద్దు. ఇది మన ఒంట్లోనే ఉంది. మన ఉమ్మిలో ఉంది, కన్నీళ్ళలో ఉంది, తల్లిపాలలో ఉంది. కబడ్డీ ఆడి మోకాలు చెక్కుకుపోతే అక్కడ కొత్త చర్మం రావడానికి ఇది కూడా పని చేస్తుంది.

ఈ విషయమే ఎందుకు తీసుకున్నానంటే, దానికి మా తాత కాలు కారణం. ముందు అది చెప్తాను.

మా తాత కాలు

నిరుడు వానాకాలంలో మా తాత పోడు చేనులో కలుపు తీస్తుంటే ఎడమ కాలి బొటనవేలి కింద ముల్లు దిగింది. తాతకు ముళ్ళు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి చెప్పులు లేకుండా అడవిలో తిరిగిన మనిషి. ముల్లు తీసేసి, ఆకు పసరు పోసి ఊరుకున్నాడు. నొప్పి ఏమీ లేదు అన్నాడు. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోలేదు. కానీ పుండు మానలేదు. నెల దాటింది, ఇంకా తడితడిగానే ఉంది.

అప్పుడు అమ్మ తాతను ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ కట్టు కట్టి, మాత్రలిచ్చి, ఒక చీటీ రాసిచ్చారు. నోటితో కూడా చెప్పారంట. కానీ మా అమ్మకు కోయ మాట వచ్చినంతగా తెలుగు రాదు. జనం ఎక్కువగా ఉన్నారు, మళ్ళీ అడగడానికి భయపడింది. చీటీ మాత్రం చాలా జాగ్రత్త చేసింది. రేషను కార్డుతో కలిపి కవరులో పెట్టి దూలంలో దోపింది.

మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేను ఒక్కదాన్నే. నేనేమో హాస్టల్లో ఉన్నాను. దసరా సెలవులకు పోయినప్పుడు ఆ చీటీ తీసి చూశాను. ఇంగ్లీషులో ఉంది. రాత సగం అర్థం కాలేదు. 'షుగర్' అన్న మాట, '3 డేస్' అన్న మాట చదవగలిగాను. పైన తారీఖు చూసి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు రోజులు అయిపోయింది.

తెల్లారి మొదటి బస్సుకే భద్రాచలం తీసుకుపోయాం. తాతకు షుగరు చాలా ఎక్కువ ఉందని అప్పుడు తెలిసింది. అప్పటికే వేలు నల్లబడింది. వేలు తీసేశారు. తాత బతికాడు. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు.

స్కూలు తెరిచాక మా సైన్సు మేడం గారిని అడిగాను. "మేడం, నాకు ముల్లు గుచ్చుకుంటే వారానికి మానుతుంది కదా. తాతకు ఎందుకు మానలేదు?" మేడం గారు రెండు రోజులు ఆటల పీరియడులో కూర్చోబెట్టి చెప్పారు, చదువుకోమని పుస్తకం కూడా ఇచ్చారు. అందులో నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

కణానికి కబురు ఎట్లా తెలుస్తుంది?

మనం ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూశాం. ఇటుకలు పేర్చినట్టు కణాలు కనపడ్డాయి. మన చర్మం కూడా కణాలతోనే కట్టి ఉంది. గాయం అయితే ఆ గోడలో ఒక ముక్క ఊడిపోయినట్టు. దాన్ని పూడ్చాలంటే గాయం అంచున ఉన్న కణాలు విభజన చెంది ఎక్కువ కావాలి. లోపలికి జరిగి ఖాళీని కప్పాలి.

కణానికి కళ్ళు లేవు, చెవులు లేవు. పక్కన గాయం అయిందని దానికి ఎవరు చెప్తారు? కబురు చెప్పేవి ప్రోటీనులే. రక్తం గడ్డకట్టేటప్పుడు రక్త ఫలకికలు పగిలి, లోపల దాచుకున్న కొన్ని ప్రోటీనులను బయటికి వదులుతాయి. తరువాత అక్కడికి వచ్చే వేరే కణాలు కూడా వదులుతాయి. ఇట్లా కబురు మోసే ప్రోటీనులలో ఇ.జి.ఎఫ్. ఒకటి. "చర్మ కణాల్లారా, విభజన చెందండి, కదలండి" అన్నదే అది మోసే కబురు.

ఇందులో ఒక వింత ఉంది. ఇ.జి.ఎఫ్. కణం లోపలికి పోయి కబురు చెప్పదు. మన హాస్టలు గేటు సంగతి గుర్తు చేసుకోండి. మన నాన్న చూడటానికి వస్తే సరాసరి డార్మిటరీలోకి రాడు కదా. గేటు దగ్గర ఆగుతాడు. వాచ్‌మెన్ తాతకు పేరు చెప్తాడు. ఆయన వంటక్కకు చెప్తాడు, వంటక్క లీడరుకు చెప్తుంది, లీడరు వచ్చి మనల్ని పిలుస్తుంది. నాన్న గేటు దగ్గరే ఉన్నాడు, కబురు మాత్రం లోపలికి వచ్చింది.

కణానికి కూడా గేటు దగ్గర అట్లాంటి వాచ్‌మెన్ ఉంటాడు. ఆయన పేరు గ్రాహకం. ఇదీ ప్రోటీనే. సగం కణం బయటికి, సగం లోపలికి ఉంటుంది. ఇ.జి.ఎఫ్. వచ్చి బయటి సగానికి అతుక్కుంటుంది. అప్పుడు రెండు గ్రాహకాలు జత కడతాయి. లోపలి సగాల మీద ఫాస్ఫేటు అనే గుర్తులు పడతాయి. ఆ గుర్తు చూసి లోపలి ప్రోటీను లేస్తుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది. అట్లా వరసగా కబురు కేంద్రకం దాకా పోతుంది. పక్కన వేసిన బొమ్మలో ఎర్ర చుక్క ఇ.జి.ఎఫ్., నీలం రంగుది గ్రాహకం.

గ్రాహకం లేని కణం దగ్గరికి ఎంత ఇ.జి.ఎఫ్. వచ్చినా ఏమీ కాదు. కబురు వస్తే చాలదు, తీసుకునేవాళ్ళు ఉండాలి. ఈ మాట మేడం గారు చెప్పినప్పుడు నాకు దూలంలోని చీటీ గుర్తొచ్చింది.

పాము విషంలో దొరికిన దారి

దీన్ని కనిపెట్టిన కథ కూడా బాగుంటుంది. ఇటలీలో 1909లో రీటా లెవి-మోంటాల్చినీ అనే అమ్మాయి పుట్టింది. ఆడపిల్లకు పెద్ద చదువు ఎందుకు అని వాళ్ళ నాన్న అన్నాడు. ఆమె ఒప్పించి డాక్టరు చదివింది. 1938లో ఆ దేశంలో యూదులు విశ్వవిద్యాలయాల్లో పని చేయకూడదని చట్టం వచ్చింది. ఆమె యూదు కుటుంబంలో పుట్టింది. ఆమె మానలేదు. యుద్ధ కాలంలో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుంది. కుట్టుసూదులను సానబెట్టి పనిముట్లు చేసుకుంది. కోడిగుడ్లలో పిల్ల ఎట్లా తయారవుతుందో, దాని నరాలు ఎట్లా పెరుగుతాయో చూసింది.

యుద్ధం అయిపోయాక అమెరికా పోయింది. 1950ల్లో ఆమె, స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త కలిసి, నరాలను పెంచే ఒక పదార్థం కోసం వెతికారు. ఆ పనిలో ఒక పరీక్ష కోసం పాము విషం వాడారు. తీరా చూస్తే ఆ విషంలోనే వాళ్ళు వెతికే పదార్థం చాలా ఎక్కువగా ఉంది! పాముకు విషగ్రంథి అంటే మనకు లాలాజల గ్రంథి లాంటిదే. అట్లా అయితే ఎలుక లాలాజల గ్రంథిలో కూడా ఉండవచ్చు అని కోహెన్ అనుకున్నాడు. చూస్తే అందులోనూ ఉంది.

ఎలుక గ్రంథి నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు సూదితో ఇచ్చారు. మామూలుగా ఎలుక పిల్లలు పన్నెండు, పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఇవి ఏడు రోజులకే తెరిచాయి. పళ్ళు కూడా తొందరగా వచ్చాయి. నరాలకు, కంటిరెప్పలకు సంబంధం ఏమిటి? వేరేవాళ్ళు అయితే "ఏదో పొరపాటు" అని వదిలేసేవాళ్ళేమో. కోహెన్ వదల్లేదు. ఆ రసంలో ఇంకో పదార్థం కలిసి ఉందని, అది చర్మ కణాలను తొందరగా పెంచుతోందని తేల్చాడు. 1962లో ఆ సంగతి ప్రకటించాడు. అదే మన ఇ.జి.ఎఫ్. 1986లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. రీటా గారు 2012లో చనిపోయారు. అప్పటికి ఆమెకు 103 ఏళ్ళు. కోహెన్ గారు 2020లో చనిపోయారు.

53 పూసల దండ

ప్రోటీను అంటే పూసల దండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు. ఇ.జి.ఎఫ్. చాలా చిన్న దండ. మొత్తం 53 పూసలే. 1972 నాటికి ఎలుక ఇ.జి.ఎఫ్. పూసల వరస పూర్తిగా తెలిసింది. మనిషిది కూడా 53 పూసలే, కొన్ని పూసలు మాత్రం తేడా. ఈ దండ సాఫీగా వేలాడదు. మూడు చోట్ల తనకు తానే ముడి వేసుకొని ఉండ లాగా ఉంటుంది. ఆ మూడు ముళ్ళు సరిగ్గా పడితేనే గ్రాహకానికి అతుక్కుంటుంది. ముడి తప్పితే కబురు చెప్పలేదు.

ఇంత మంచి పదార్థాన్ని ఎంతని ఎలుకల నుంచి తీస్తారు? అందుకే వేరే దారి వచ్చింది. దాన్ని రీకాంబినెంట్ పద్ధతి అంటారు. జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతి అని అర్థం. ఏ పూస తరువాత ఏ పూస గుచ్చాలో డి.ఎన్.ఏ.లో రాసి ఉంటుంది. ఆ రాతనే జన్యువు అంటారు. బాక్టీరియాలో ప్లాస్మిడ్ అని గాజు ఆకారంలో ఒక చిన్న డి.ఎన్.ఏ. ఉంటుంది. ఆ గాజును ఎంజైముతో కత్తిరిస్తారు. మధ్యలో మనిషి ఇ.జి.ఎఫ్. జన్యువును పెట్టి ఇంకో ఎంజైముతో అతికిస్తారు. దాన్ని మళ్ళీ బాక్టీరియాలోకి పంపుతారు. బాక్టీరియాకు ఇది మనిషిదా తనదా అని తెలియదు. రాసి ఉంది కాబట్టి చదివి తయారు చేస్తుంది.

బాక్టీరియా బదులు ఈస్టును కూడా వాడతారు. ఈస్టు మనకు తెలియనిది కాదు. మన గూడేల్లో జీలుగు కల్లు కుండలో నురుగు పొంగేది ఈస్టు చేసే పని వల్లే.

ఈ.కోలై అనే బాక్టీరియా మంచి ఆహారం ఉంటే ఇరవై నిమిషాలకు ఒకటి రెండు అవుతుంది. నేను నోటుబుక్కులో లెక్క వేశాను. అట్లాగే పెరిగితే పది గంటల్లో ఒక్కటి నూట ఏడు కోట్లు దాటుతుంది. అవన్నీ ఆ దండలు గుచ్చుతూనే ఉంటాయి. తరువాత బాక్టీరియాను తీసేసి ప్రోటీనును శుద్ధి చేస్తారు. బాక్టీరియా లోపల ముళ్ళు సరిగ్గా పడకపోతే, విప్పి మళ్ళీ సరిగ్గా పడేటట్టు చేస్తారు.

ఈ పద్ధతిలో మొదట వచ్చిన పెద్ద మందు ఇన్సులిన్. 1978లో బాక్టీరియాతో మనిషి ఇన్సులిన్ తయారు చేశారు. 1982 నుంచి మందుగా వచ్చింది. అంతకుముందు పందుల నుంచి, పశువుల నుంచి తీసేవాళ్ళు. మా తాతకు ఆసుపత్రిలో ఇచ్చిన సూది మందు ఇన్సులినే.

ప్రయోగశాలలో దీనితో ఏం చేస్తారు?

శాస్త్రవేత్తలు మనిషి కణాలను గాజు లాంటి చిన్న పళ్ళేలలో పెంచుతారు. ఉప్పు, చక్కెర, అమైనో ఆమ్లాలు అన్నీ వేసినా చర్మ కణాలు సరిగ్గా పెరగవు. తిండి ఉంది గానీ కబురు లేదు. అప్పుడు ఇ.జి.ఎఫ్. కలుపుతారు. ఎంతో తెలుసా? మిల్లీలీటరుకు పది నానోగ్రాములు చాలు. ఒక గ్రామును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగమే నానోగ్రాము.

నాకు బాగా నచ్చింది గీత పరీక్ష. పళ్ళెం నిండా పెరిగిన కణాల మధ్య సన్నగా గీత గీసి కణాలను చెరిపేస్తారు. అది పళ్ళెంలో గాయం అన్నమాట. ఒక పళ్ళెంలో ఇ.జి.ఎఫ్. వేస్తారు, ఇంకోదాంట్లో వేయరు. గంట గంటకు ఫోటో తీసి ఏ గీత ముందు పూడుకుందో చూస్తారు. కొత్త మందులను కూడా ఇట్లా పరీక్ష చేయవచ్చు.

ఇట్లా కణాలు పెంచడం నేర్చుకున్నందువల్ల ప్రాణాలు కూడా నిలిచాయి. 1983లో అమెరికాలో ఒళ్ళు దాదాపు అంతా కాలిన ఇద్దరు చిన్న అన్నదమ్ములకు, మిగిలిన కొంచెం మంచి చర్మం నుంచి కణాలు తీసి, పళ్ళేలలో పెంచి, ఆ పొరలనే మళ్ళీ ఒంటికి వేశారు. ఇద్దరూ బతికారు.

మన హైదరాబాదులో కూడా

ఇదంతా ఎక్కడో విదేశాల్లోనే అనుకోవద్దు. మన భద్రాచలం నుంచి మూడు వందల కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు ఉంది. అక్కడ హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. కణాల గురించి, అణువుల గురించి పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1997లో శాంతా బయోటెక్నిక్స్ అనే హైదరాబాదు కంపెనీ ఈస్టులో జన్యువు పెట్టి హెపటైటిస్-బి టీకా తయారు చేసింది. ఆ పద్ధతిలో మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన మొదటి టీకా అదే. దాంతో టీకా ధర బాగా తగ్గింది.

శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ ఉంది. కరోనా అప్పుడు కోవాక్సిన్ టీకా చేసింది వాళ్ళే. వాళ్ళు ఈ ఇ.జి.ఎఫ్.నే రీకాంబినెంట్ పద్ధతిలో తయారు చేసి రెజెన్-డి అని ఒక పూత మందు తెచ్చారు. షుగరు ఉన్నవాళ్ళకు కాళ్ళ మీద వచ్చే పుళ్ళకు, కాలిన గాయాలకు వాడతారు. క్యూబా అనే చిన్న దేశం కూడా 2006లో ఇ.జి.ఎఫ్.తో కాలి పుళ్ళకు సూది మందు తెచ్చింది.

తాత పుండు ఎందుకు మానలేదు?

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు. షుగరు చాలా ఏళ్ళు అదుపులో లేకపోతే పాదాల నరాలు చెడిపోతాయి. అందుకే తాతకు నొప్పి తెలియలేదు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, అదే చెడ్డ గుర్తు. ఇంకా, కాళ్ళకు రక్తం సరిగ్గా పోదు. సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలు నీరసిస్తాయి. ఇట్లా నెలల తరబడి ఉన్న పుండులో ప్రోటీనులను ముక్కలు చేసే ఎంజైములు ఎక్కువ అవుతాయి. అవి ఇ.జి.ఎఫ్. లాంటి కబురు ప్రోటీనులను కూడా ముక్కలు చేస్తాయి. అంచున కణాలు ఉన్నాయి, కానీ కబురు అందటం లేదు.

"మరి ముందే ఆ పూత మందు రాస్తే వేలు ఉండేదా మేడం?" అని అడిగాను. మేడం గారు ఉండేదని చెప్పలేదు. షుగరు తగ్గించకుండా, పుండు శుభ్రం చేయకుండా, ఆ కాలి మీద బరువు పడకుండా చూడకుండా ఏ పూత మందూ పని చేయదు అన్నారు. కానీ చీటీలో రాసినట్టు మూడో రోజే పోయి ఉంటే షుగరు సంగతి ఇరవై రోజుల ముందే తెలిసేది. అది మాత్రం నిజం.

కబురు ఎక్కువైనా కష్టమే

నాన్న వచ్చాడని కబురు అందాక కూడా వాచ్‌మెన్ అరుస్తూనే ఉంటే ఏమవుతుంది? హాస్టలు అంతా గోల. అందుకే కణం కబురు అందుకున్నాక గ్రాహకాన్ని లోపలికి లాక్కుంటుంది. కొన్ని కణాల్లో జన్యువు పాడై గ్రాహకం ఆగకుండా కబురు పంపుతూ ఉంటుంది. కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. కొన్ని రకాల కాన్సరు ఇట్లా వస్తుంది. ఆ గ్రాహకం నోరు మూసే మందులు కూడా ఇప్పుడు ఉన్నాయి. కాబట్టి ఇ.జి.ఎఫ్. ఎక్కడ పడితే అక్కడ పూసుకునేది కాదు, డాక్టరు చూసి ఇవ్వాలి. ఇంకో మాట. ఉమ్మిలో ఇ.జి.ఎఫ్. ఉంది అని రాశాను కదా అని గాయానికి ఉమ్మి రాయొద్దు. నోట్లో సూక్ష్మజీవులు కూడా ఉంటాయి.

మనం చేయవలసినవి

1. గాయం అయితే సబ్బుతో, మంచినీళ్ళతో కడగాలి. వంటగదిలో కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టాలి. పేస్టు, సిరా రాయొద్దు.

2. రెండు వారాలైనా మానని పుండు ఎవరికి ఉన్నా షుగరు పరీక్ష చేయించాలి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళు ఉంటే రోజూ వాళ్ళ అరికాళ్ళు చూడాలి. వాళ్ళకు కనపడదు, నొప్పి తెలియదు. సెలవుల్లో మా తాత పాదాలు నేనే చూస్తాను. "నా కాళ్ళకు ఇన్స్పెక్షను" అని నవ్వుతాడు.

3. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఇంట్లో దూలంలో, పెట్టెలో, కవర్లలో దాచిన ఆసుపత్రి చీటీలన్నీ తీసి చదవండి. అర్థం కాకపోతే ఆశ అక్కకు గానీ ఏ.ఎన్.ఎం. గారికి గానీ చూపించి అడగండి. తరువాత అమ్మకు మన మాటలో చెప్పండి. మనలో చాలామంది ఇళ్ళల్లో చదవగలిగింది మనమే.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఇళ్ళ నుంచి అట్లాంటి చీటీలు తెచ్చినవాళ్ళకు ఆదివారం పూట ఒక గంట కూర్చుని చదివి అర్థం చెప్పించగలరా? నేను, పదో తరగతి అక్కలు సాయం చేస్తాం.

ఈ వ్యాసంలో తప్పులు ఉంటే మన్నించి, కింద తెల్ల కాగితం అంటించాను, దాని మీద రాయండి. కింది ప్రశ్నలకు జవాబులు కూడా దాని మీదే రాయవచ్చు.

అ) ఇ.జి.ఎఫ్. కణం లోపలికి పోకుండానే కబురు ఎట్లా పోతుంది?
ఆ) ఎలుక పిల్లల కళ్ళు ఎందుకు ముందే తెరుచుకున్నాయి?
ఇ) నొప్పి లేని పుండు ఎందుకు ప్రమాదం?

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి